పెరట్లో కోళ్లు: మాకు వర్తించేది సిటీ రూలా, కౌంటీ రూలా?

శ్రీకాకుళం_చిన్నోడు
సోమవారం ఆఫీసు నుంచి వచ్చేసరికి వీధి తలుపుకి నారింజ రంగు కాగితం అంటించి ఉంది. కౌంటీ (మన జిల్లా లాంటిది) కోడ్ ఎన్‌ఫోర్స్‌మెంట్, అంటే నియమాలు అమలుచేసే విభాగం వాళ్లది. 30 రోజుల్లో సరిచేయాలట, లేకపోతే కోర్టుకి రావాలట. పెరట్లో కోళ్ల గురించి.

మేముండేది జార్జియాలో, అట్లాంటాకి ఉత్తరాన. ఊరి పేరు ఇక్కడ పెట్టను. 2025 మార్చిలో గుడ్లు డజను 6 డాలర్లు దాటినప్పుడు పిల్లలు గోల చేస్తే దాణా కొట్టుకెళ్లి కోడిపిల్లల్ని తెచ్చాం. రెండు చాలన్నాను, ఆరుకి తక్కువైతే అమ్మేది లేదన్నారు. అప్పుడే మా అమ్మ ఊరి నుంచి వచ్చింది. పోయినసారి వచ్చినప్పుడు "నాలుగ్గోడల మధ్య పొద్దు పోవట్లేదురా, టికెట్టు ముందుకి జరుపు" అన్న మనిషి, ఈసారి పొద్దున్నే లేచి నూకలు పట్టుకుని పెరట్లోకి పోతోంది.

నా ప్రశ్న ఇది. కొనేముందే సిటీ వెబ్‌సైట్ చూశాను. పెట్టకోళ్లు పెంచుకోవచ్చని ఉంది. మా అడ్రసులో ఉన్నది ఆ సిటీ పేరే. మరి కౌంటీ వాళ్లెందుకొచ్చారు? సిటీకి ఫోన్ చేస్తే మీ ఇల్లు మా కింద లేదేమో, కౌంటీని అడగమన్నారు. కౌంటీకి చేస్తే అడ్రసు సిటీది కదా, వాళ్లనే అడగమన్నారు. మూడు రోజులు ఇదే పని. ఎవరి మాట చెల్లుతుంది?

నాటుకోడి_నాని
ముందు ఇది చెప్పు తమ్ముడూ. ఆరూ పెట్టలేనా?

శ్రీకాకుళం_చిన్నోడు
ఒకటి పుంజు తేలింది అన్నా. పెట్టలు అని రాసున్న తొట్టిలోంచే తీసిచ్చారు. అమ్మ ఆరో వారంలోనే పట్టేసింది. "మిగతావాటికి తురాయి ఇంకా పాలిపోయి ఉంది, దీనికి అప్పుడే ఎర్రబడింది, కాళ్లు చూడు ఎంత లావున్నాయో" అంది. నేను నమ్మలేదు. జూన్ ఆఖర్లో ఒకరోజు తెల్లవారుజామున ఐదింటికి గొంతు జీరపోయినట్టు ఒక కూత. అంతే, ఇల్లంతా లేచింది.

నాటుకోడి_నాని
ఇంకేం, దొరికింది. ఆ కాగితం వచ్చింది కోళ్లకి కాదు, కూతకి. రోజు వయసు పిల్లని చూసి పెట్టా పుంజా చెప్పేవాళ్లకి కూడా గురి 90 శాతం దాకానే. పది తెచ్చుకుంటే ఒకటి కూస్తుందని లెక్కేసుకోవాలి.

వరంగల్_వనజ
మా న్యూజెర్సీల గీ కౌంటీ లొల్లే లేదు. ఇక్కడ ఏ మున్సిపాలిటీకీ చెందని జాగ అంటూ ఉండదు. టౌన్‌షిప్పో, బరోనో, సిటీనో ఏదో ఒక దాంట్లనే ఉంటవు. మాది ఎడిసన్, అది టౌన్‌షిప్. ఏమన్న అడగాలంటే టౌన్‌షిప్ ఆఫీసుకే పోవాలె. జార్జియాల వేరే ఉన్నట్టున్నది, తెలిసినోళ్లు చెప్పండి.

మ్యాపుల_మూర్తి
పదేళ్లుగా ఒక కౌంటీలో మ్యాపుల పని చేస్తున్నాను, మీ కౌంటీ కాదు. ఈ ప్రశ్న నెలకి రెండుసార్లయినా వస్తుంది కాబట్టి కాస్త వివరంగా రాస్తాను.

అడ్రసులో ఉన్న ఊరి పేరు పోస్టాఫీసు వాళ్లు పెట్టింది. మీ ఉత్తరాలు ఏ పోస్టాఫీసు నుంచి పంచుతారో అది చెబుతుంది, అంతే. సిటీ సరిహద్దుకీ దానికీ సంబంధం లేదు. జిప్ కోడ్ (పిన్‌కోడ్ లాంటిది) 30024 తీసుకోండి. అడ్రసులో చాలామంది సువానీ అని రాసుకుంటారు. కానీ ఆ జిప్ గ్విన్నెట్, ఫుల్టన్, ఫోర్సైత్ అని మూడు కౌంటీల్లో పరుచుకుని ఉంది. సువానీ అని రాసుకునేవాళ్లలో కొందరు నిజంగానే సువానీ సిటీలో ఉంటారు. కొందరు జాన్స్ క్రీక్ సిటీలో ఉంటారు, అది 2006లో ఏర్పడింది. ఇంకొందరు ఏ సిటీలోనూ కలవని ఫోర్సైత్ కౌంటీ నేల మీద ఉంటారు. ఫోర్సైత్ మొత్తంలో సిటీ అంటూ ఉన్నది కమింగ్ ఒక్కటే, అదీ చిన్నది. కమింగ్ అని అడ్రసు ఉన్న మనవాళ్లు చాలామంది ఆ సిటీ బయటే ఉన్నారు.

సిటీ హద్దులో ఉంటే సిటీ జోనింగ్, అంటే ఏ స్థలంలో ఏం చేయొచ్చో చెప్పే నియమాలు. ఏ సిటీలోనూ కలవని చోట, అంటే ఇక్కడివాళ్లు అన్‌ఇన్‌కార్పొరేటెడ్ అనే చోట ఉంటే కౌంటీ జోనింగ్. ఒకే స్థలం మీద రెండిటి జోనింగూ ఉండదు. అందుకని అడగాల్సింది "కోళ్లు పెంచుకోవచ్చా" అని కాదు, "నా పార్సెల్ (రికార్డుల్లో నంబరున్న నా స్థలం) ఎవరి హద్దులో ఉంది" అని.

ఫోన్లో అడ్రసు చెబితే కౌంటర్లో వాళ్లు కూడా ఊరి పేరు చూసే పొరబడతారు. పార్సెల్ నంబరు చెప్పండి. జార్జియాలో చాలా కౌంటీల ఆస్తి వివరాలు క్యూపబ్లిక్ అనే వెబ్‌సైట్‌లో ఉంటాయి. మీ పేరో అడ్రసో కొడితే పార్సెల్ నంబరు, దాని కింద పన్ను జిల్లా వస్తాయి. అక్కడ సిటీ పేరుందా, అన్‌ఇన్‌కార్పొరేటెడ్ అనుందా చూసి ఇక్కడ రాయండి.

గోదారి_గట్టు
ఇంత కష్టం దేనికి, మా టెక్సస్‌లోలా పన్ను బిల్లు చూసుకుంటే సరిపోదా. సిటీ పన్ను లైను లేకపోతే సిటీలో లేనట్టే.

మ్యాపుల_మూర్తి
@గోదారి_గట్టు టెక్సస్‌లో సరిపోవచ్చు. జార్జియాలో కొన్ని సిటీలు పన్ను బిల్లు విడిగా పంపుతాయి. కౌంటీ బిల్లులో లైను లేనంత మాత్రాన సిటీలో లేనట్టు కాదు. ఇంటి రుణం ఉంటే ఆ రెండో బిల్లు చాలాసార్లు బ్యాంకే కట్టేస్తుంది, మీ కంట కూడా పడదు. సిటీ కౌన్సిల్ ఎన్నికల్లో మీకు ఓటుందా లేదా అన్నది ఇంకొంచెం గట్టి గుర్తు.

ఆష్‌బర్న్_అత్తయ్య
మాది వర్జీనియా. ఆష్‌బర్న్ అంటే పెద్ద సిటీ అనుకుంటారు మన చుట్టాలంతా. అది సిటీ కాదు, టౌనూ కాదు. లౌడన్ కౌంటీలో ఒక ప్రాంతం పేరు. మాకు మేయరే లేడు. అన్నీ కౌంటీయే. అదే లీస్‌బర్గ్‌లో ఉంటే టౌన్ రూలు చూసుకోవాలి. ఇక మా రాష్ట్రంలో సిటీలైతే అసలు ఏ కౌంటీలోనూ ఉండవు, దేనికది విడి. ఇల్లు కొన్న నాలుగేళ్లకి తెలిసింది నాకు ఈ సంగతి.

నాటుకోడి_నాని
మాది మిషిగన్. ఇక్కడ కౌంటీ, సిటీ అని మాత్రమే చూస్తే పప్పులో కాలేసినట్టే. సిటీ బయట జోనింగ్ ఎక్కువగా టౌన్‌షిప్ చేతిలో ఉంటుంది. ఇంకో మాట. "మిషిగన్‌లో రైట్ టు ఫార్మ్ చట్టం ఉంది, ఎవడూ ఏమీ అనలేడు" అని ఎవరైనా చెబితే నమ్మొద్దు. చట్టం 1981 నాటిదే, నిజం. కానీ 2014లో రాష్ట్ర వ్యవసాయ కమిషన్ మార్గదర్శకాలు మార్చాక, ఇళ్లు దగ్గరదగ్గరగా ఉన్న పేటల్లో పెరటి కోళ్లకి ఆ రక్షణ పోయింది. నేను ఆ పాత మాట నమ్మి గూడు కట్టి, విప్పాల్సి వచ్చింది. 400 డాలర్ల చెక్క.

గోదారి_గట్టు
టెక్సస్ సంగతి నేను చెబుతా. ఇక్కడ కౌంటీలకి మామూలుగా జోనింగ్ అధికారమే లేదు. సిటీ బయట ఉంటే నెత్తిన కౌంటీ ఉందని భయం అక్కర్లేదు, మెడ పట్టుకునేది హెచ్‌ఓఏనే, అంటే కాలనీలో ఇళ్ల యజమానుల సంఘమే. సిటీ హద్దుకి ఆనుకుని ఈటీజే అని ఒక పట్టీ ఉంటుంది. అక్కడ ప్లాట్లు ఎలా విడగొట్టాలో సిటీ చెప్పగలదు గానీ, పెరట్లో ఏం పెంచాలో జోనింగ్ పెట్టి చెప్పలేదు. 2019 తర్వాత అడక్కుండా మనల్ని సిటీలో కలిపేసుకోవడమూ చాలామటుకు ఆగింది.

అంచేత ఒక రాష్ట్రంలో ఉన్నవాళ్లు ఇంకో రాష్ట్రం వాళ్లకి ధీమాగా సలహా ఇవ్వకూడదు. పైన పన్ను బిల్లు విషయంలో నేనే ఇచ్చాను, ఒప్పుకుంటున్నా.

వరంగల్_వనజ
గందుకే గాదూ, మా అమ్మ అనేది, ఊరికో తీరు, ఇంటికో ఆచారం అని.

పక్కింటి_నిద్ర
నేను అవతలి వైపు నుంచి మాట్లాడతాను, కోప్పడకండి. మా వెనకింట్లో కోళ్లున్నాయి. వాళ్లు మనవాళ్లు కూడా కాదు. మొదట మా పాప రోజూ ఫెన్స్ దగ్గర నిలబడి చూసేది, సరదాగానే ఉండేది. రెండు నెలలకి ఎలుకలొచ్చాయి. దాణా రాత్రిపూట బయటే వదిలేసేవాళ్లు. మా గ్రిల్ కవర్ కింద గూడు పెట్టాయి, వైర్లు కొరికాయి. వాన పడితే ఆ వాసనకి కిటికీ తెరవలేం. మూడుసార్లు మంచిగా చెప్పి, నాలుగోసారి ఫిర్యాదు చేశాను. ఫిర్యాదు చేసిన ప్రతివాడూ కుళ్లుబోతు కాదు. మీ పక్కింటివాళ్లతో ఒక్కసారైనా మాట్లాడారా?

శ్రీకాకుళం_చిన్నోడు
@పక్కింటి_నిద్ర మాట్లాడలేదు. మీరు చెప్పింది నిజమే. కోడిపిల్లల్ని తెచ్చినరోజే రెండు వైపులా ఇళ్లవాళ్లకి చెప్పి ఉండాల్సింది. దాణా మాత్రం ఇనుప డబ్బాలో మూత బిగించి గరాజ్‌లో పెడతాం. అమ్మ పొద్దుగూకేలోపు నేల ఊడ్చి ఒక్క గింజ కూడా మిగల్చదు. చిన్నప్పుడు ఊళ్లో పందికొక్కులతో పడ్డ బాధ ఆవిడకి ఇంకా గుర్తు.

లక్ష్మీ_సియాటిల్
మా సిటీలో 2010లో రూలు మార్చారు, మూడు కోళ్ల దాకా ఉండేది ఎనిమిది చేశారు. పుంజు మాత్రం పనికిరాదు. న్యూయార్క్ సిటీలో కూడా పెట్టలకి అభ్యంతరం లేదు, పుంజుకి ఉంది. సిటీ ఏదైనా ముందు వేటు పడేది పుంజు మీదే.

చిన్నోడు గారూ, మీకు చిన్నపిల్లలున్నారు కాబట్టి ఒక మాట. గూట్లోంచి రాగానే సబ్బుతో చేతులు కడిగించండి. పిల్లలు కోడిపిల్లల్ని ఎత్తుకుని ముద్దులు పెట్టేస్తారు, కడుపు జబ్బు తెచ్చే సాల్మొనెల్లా అనే బ్యాక్టీరియా అలాగే వస్తుంది. మా చిన్నవాడు మూడో ఏట వారం రోజులు మంచం పట్టాడు. పెరట్లో చెప్పులు వేరే, ఇంట్లో చెప్పులు వేరే అని అప్పట్నుంచీ ఖచ్చితంగా పాటిస్తున్నాం.

హెచ్‌ఓఏ_ఖైదీ
సిటీ, కౌంటీ అని కొట్టుకుంటున్నారు, మూడోవాణ్ణి మర్చిపోయారు. సిటీ సరే అన్నా, కౌంటీ సరే అన్నా, హెచ్‌ఓఏ కాగితాల్లో కోళ్లు వద్దనుంటే వద్దే. కుక్క, పిల్లి తప్ప పశువులు, కోళ్లు ఉంచరాదు అని ఒక వాక్యం చాలా సబ్‌డివిజన్ల (ఇళ్ల లేఅవుట్ల) దస్తావేజుల్లో ఉంటుంది. ఇల్లు కొన్నప్పుడు సంతకం పెట్టిన వంద కాగితాల్లో అదొకటి. అది మీకూ వాళ్లకీ మధ్య ఒప్పందం, ప్రభుత్వం అనుమతితో రద్దు కాదు. మాకు సిటీ పర్మిట్ చేతిలో ఉండగానే కోళ్లు తీసేయాల్సి వచ్చింది. మా ఆవిడ రెండు రోజులు అన్నం తినలేదు.

శ్రీకాకుళం_చిన్నోడు
మాది 1988లో కట్టిన పాత సబ్‌డివిజన్. హెచ్‌ఓఏ రుసుము అంటూ ఏమీ లేదు. కానీ ఇల్లు కొన్నప్పటి దస్తావేజుల్లో ఏవో నిబంధనలున్నాయి, కోళ్ల మాట కూడా ఉంది. ఇప్పుడే తీసి చూశాను. గుండె జారింది.

మ్యాపుల_మూర్తి
@శ్రీకాకుళం_చిన్నోడు కంగారు పడకండి. జోనింగ్ ఉన్న కౌంటీల్లో అలాంటి నిబంధనలకి జార్జియా చట్టం 20 ఏళ్ల గడువు పెట్టింది. వాటంతటవే పొడిగించుకునే వీలు 1993లో వచ్చింది, అదీ 15 ప్లాట్లూ ఆపైన ఉన్న సబ్‌డివిజన్లకి. 1988 నాటివంటే గడువు ఎప్పుడో దాటి ఉండాలి. మధ్యలో కొత్తగా ఏవైనా రిజిస్టర్ చేశారేమో కౌంటీ సుపీరియర్ కోర్టు క్లర్కు దగ్గర చూడాలి. ఇది మాత్రం లాయర్‌కి ఒక గంట డబ్బు కట్టి అడగాల్సిన విషయం, నా మాట మీద ఆగిపోవద్దు.

కడప_కుర్రోడు
ఇంతమంది ఇన్ని చెప్పినారు, ఆ నోటీసులో ఏం రాసిందో ఎవరూ అడగలేదే. సెక్షన్ నంబరు ఉంటుంది కదన్నా, అదేంది?

శ్రీకాకుళం_చిన్నోడు
"కోళ్లు" అన్న మాట చూసి మిగతాది సరిగ్గా చదవలేదు తమ్ముడూ. రాత్రికి చదివి రాస్తా. పార్సెల్ కూడా చూస్తా.

పక్కింటి_నిద్ర
కౌంటీ యూనిఫారంలో వచ్చారని కౌంటీ రూలే అనుకోకండి. మా దగ్గర సిటీకి సొంత జంతు విభాగం లేదు, కౌంటీతో ఒప్పందం పెట్టుకుంది. మా ఫిర్యాదుకి వచ్చింది కౌంటీ ఉద్యోగి, రాసింది సిటీ సెక్షన్. కుర్రోడు అడిగిన సెక్షన్ నంబరే అసలు ఆధారం.

నాటుకోడి_నాని
కోడి ముందా గుడ్డు ముందా తేలదు గానీ, సెక్షన్ ముందు అని తేలింది.

శ్రీకాకుళం_చిన్నోడు
చూశాను. పన్ను జిల్లా దగ్గర అన్‌ఇన్‌కార్పొరేటెడ్ అనుంది. మా వీధికి అటువైపున్న వరస సిటీలో ఉంది, మా వరస లేదు. మ్యాపులో మా నాలుగిళ్లూ చుట్టూ సిటీ ఉన్న చిన్న దీవిలా ఉన్నాయి. పదకొండేళ్లుగా ఇక్కడుంటున్నాను.

ఇక నోటీసు. కుర్రోడు అడగకపోతే నాకు తట్టేదే కాదు. అందులో రెండు సెక్షన్లున్నాయి, రెండూ కౌంటీవే. ఒకటి చప్పుడు గురించి, అంటే పుంజు. రెండోది పెరట్లో కట్టే షెడ్ల గురించి. గూడు ఫెన్స్‌కి 10 అడుగుల దూరంలో ఉండాలి, మాది 4 అడుగుల్లో ఉంది. నీడ ఉందని నేనే అక్కడ పెట్టాను. పెట్టలు ఉంచకూడదని ఎక్కడా లేదు. నోటీసు మీద "కోళ్ల గూడు" అని ఉంటే నేను కోళ్లు అని చదువుకున్నాను.

మ్యాపుల_మూర్తి
ఆ దీవులు ఇక్కడ మామూలే. చుట్టుపక్కల వాళ్లు ఒక్కొక్కరే సిటీలో కలుస్తూ పోతే మధ్యలో ఇలా నాలుగిళ్లు మిగిలిపోతాయి. కౌంటర్లో వాళ్లు తికమక పడింది కూడా అందుకే అయ్యుంటుంది.

ఇప్పుడు రెండు పనులు. గూడు జరపండి, జరిపాక టేపు పెట్టి కొలిచి, టేపు కనిపించేట్టు ఫోటో తీయండి. తర్వాత కౌంటీ ప్లానింగ్ విభాగానికి మీ పార్సెల్ నంబరు, స్థలం విస్తీర్ణం, పెట్టల సంఖ్య రాసి ఈమెయిల్ చేయండి. జవాబు రాతలో తెప్పించుకోండి. చిన్న రుసుము కడితే జోనింగ్ వెరిఫికేషన్ లెటర్ అని ఇస్తారు. రేపు మీ నాలుగిళ్లనీ సిటీలో కలిపితే, అంతకుముందే నియమం ప్రకారం పెంచుతున్నారని చూపించుకోవడానికి అది పనికొస్తుంది.

హెచ్‌ఓఏ_ఖైదీ
ఫోన్లో చెప్పిన మాటకి విలువ లేదు. నాకు ఫోన్లో "ఏం పర్లేదు" అన్న మనిషి పేరు కూడా నాకు తెలియదు. రాతలో ఉంటే ఇంకోలా ఉండేది నా కథ.

వరంగల్_వనజ
అన్నా, పుంజు ఏమైతది మరి? కోసుకుంటరా?

శ్రీకాకుళం_చిన్నోడు
అమ్మ ఒప్పుకోవట్లేదు అక్కా. ఊళ్లో ఎన్ని కోళ్లు కోసి వండిందో లెక్కలేదు, దీన్ని మాత్రం వద్దంటోంది. "చేత్తో పెంచినదాన్ని, రాత్రిపూట దీపం కింద కూర్చుని చూసుకున్నాను" అంది. మొదటి వారం గరాజ్‌లో అట్టపెట్టెలో 95 డిగ్రీల ఫారెన్‌హీట్ వేడి ఉండాలంటే ఆ దీపం ఎక్కడ అంటుకుంటుందోనని అర్ధరాత్రి రెండుసార్లు లేచి చూసేది.

గోదారి_గట్టు
2025 ఫిబ్రవరిలో మా పెరవలి, తణుకు వైపు బర్డ్ ఫ్లూ వచ్చి కోళ్ల ఫారాలు ఖాళీ చేశారు. మా బాబాయి వాళ్ల ఊళ్లో పెరటి కోళ్లు కూడా పోయాయి. పిన్ని ఫోన్లో కోళ్లని పేరుపేరునా తలుచుకుని ఏడ్చింది. మీ అమ్మగారి బాధ నాకర్థమవుతోంది. ఏదైనా పొలం ఉన్న చోటికి ఇవ్వండి.

జార్జియా_రైతుబిడ్డ
చాలా రోజులుగా చదవడమే గానీ ఎప్పుడూ రాయలేదు. మాకు మీకు గంటన్నర దూరంలో ఐదెకరాలుంది, కౌంటీ కింద వ్యవసాయ జోన్. పెట్టలున్నాయి, పుంజు లేదు, మొన్నే గద్ద ఎత్తుకుపోయింది. ఇస్తానంటే వచ్చి తీసుకెళ్తాను. కోయను, మాట ఇస్తున్నా. అమ్మగారిని కూడా ఒక ఆదివారం తీసుకురండి, కూరపాదులు చూసి వెళ్దురు గాని.

శ్రీకాకుళం_చిన్నోడు
ప్రైవేటు మెసేజ్ పెట్టాను అన్నా.

లక్ష్మీ_సియాటిల్
@జార్జియా_రైతుబిడ్డ కొత్తది తేగానే మీ పెట్టల్లో కలిపేయకండి. మూడు నాలుగు వారాలు విడిగా ఉంచి, తినడం, రెట్ట, ఊపిరి గమనించాకే కలపండి. వేరే చెప్పులు ఇక్కడ కూడా.

కడప_కుర్రోడు
గూడు జరిపేటప్పుడు అడుగున వల చూసుకోన్నా. కోళ్ల వల అని అమ్మేది కోడిని లోపల ఉంచడానికే, రకూన్ అనే జంతువుని బయట ఉంచడానికి కాదు. చేతులు పెట్టి చింపేస్తుంది. అర అంగుళం కంతల హార్డ్‌వేర్ క్లాత్ (గట్టి ఇనుప జాలీ) వేసి, గూడు చుట్టూ అడుగు లోతు పాతిపెట్టు. మావి నాలుగు ఒకే రాత్రిలో పోయినాయి.

శ్రీకాకుళం_చిన్నోడు
మూడు వారాల తర్వాత అప్‌డేట్.

గూడు జరిపాం. ఫెన్స్‌కి 11 అడుగులు, ఒక అడుగు ఎక్కువే పెట్టాను. హార్డ్‌వేర్ క్లాత్ వేశాం, కుర్రోడు చెప్పినట్టు పాతాం కూడా. ఇన్‌స్పెక్టర్ వచ్చి టేపు పెట్టి కొలుచుకుని, నోటీసు మూసేశామని కాగితం ఇచ్చి వెళ్లాడు. ప్లానింగ్ నుంచి లెటర్ వచ్చింది. మా స్థలానికి పెట్టలు ఐదూ ఉంచుకోవచ్చు, పుంజు వద్దు. లాయర్ని కలిశాం, 1988 నిబంధనల తర్వాత కొత్తవేవీ రిజిస్టర్ కాలేదని చెప్పారు.

కుడివైపు ఇంటికి అమ్మని తీసుకుని వెళ్లాను. ఫిర్యాదు చేసింది వాళ్లే. పెద్దావిడ, భర్తకి గుండె ఆపరేషన్ అయి పగలూ రాత్రీ నిద్ర పట్టట్లేదట. ఐదింటి కూత ఆయన్ని లేపేసేది. మాకు తెలియనే తెలియదు. అమ్మకి ఇంగ్లీషు రాదు, ఆవిడకి తెలుగు రాదు, ఇద్దరూ ఫెన్స్ దగ్గర అరగంట నిలబడ్డారు.

పుంజుని రైతుబిడ్డ అన్న తీసుకెళ్లాడు. గంపలో పెట్టి పైన తువ్వాలు కప్పి అమ్మే కారెక్కించింది.

పక్కింటి_నిద్ర
ఫెన్స్ దగ్గరికి వెళ్లినందుకు చాలా సంతోషం. మా వెనకింటివాళ్లు ఒక్కసారి అలా వచ్చి ఉంటే నేను ఆ ఫోన్ చేసేవాణ్ణి కాదు.

జార్జియా_రైతుబిడ్డ
ఇంకా విడి గూట్లోనే ఉంది, బాగా తింటోంది. ఇక్కడ ఎంత కూసినా ఎవరికీ ఇబ్బంది లేదు.

వరంగల్_వనజ
గుడ్లు పెడుతున్నయా?

శ్రీకాకుళం_చిన్నోడు
నిన్న మొదటిది. గోధుమ రంగు, పిల్ల గుడ్డు, నా బొటనవేలి కంటే కొంచెం పెద్దది. అమ్మ దాన్ని కడగనివ్వలేదు, ఊళ్లోలాగే తుడిచి బియ్యం డబ్బాలో పెట్టింది. రెండోది వచ్చాక దీన్ని కుడివైపు ఇంటికి ఇచ్చి వస్తానంటోంది.

లక్ష్మీ_సియాటిల్
కడగకపోవడమే మంచిది, పైన సహజంగా ఒక పొర ఉంటుంది. ఒకసారి కడిగితే మాత్రం ఫ్రిజ్‌లోనే పెట్టాలి. పక్కింటావిడకి ఆ సంగతి చెప్పి ఇవ్వండి.

కొత్త_సభ్యుడు_షార్లెట్
మాదీ ఇలాంటి కేసే, నార్త్ కరోలినా. అడ్రసులో సిటీ పేరుంది. బాతులు పెంచుకుందామని...

మ్యాపుల_మూర్తి
పార్సెల్ నంబరు పట్టుకుని పన్ను జిల్లా చూసి రండి. నంబరు ఇక్కడ పెట్టకండి, ఏముందో మాత్రం రాయండి.